మూడో బ్లాకు ముక్కుపెట్టె

మూడో బ్లాకు నుంచి తెచ్చిన పెట్టె మూత తీసేసరికి లోపలి ముక్కు మళ్ళీ చచ్చిపోయి ఉంది. నెల రోజుల్లో ఇది నాలుగోసారి.

నూకరత్నం గాజుబిళ్ళను పట్టకారుతో పైకెత్తి కిటికీ వెలుతురుకి పట్టింది. బతికున్న బిళ్ళ లేత గులాబీ రంగులో, తడితడిగా, పాల మీద మీగడలా పల్చగా పరుచుకుని ఉంటుంది. ఇది బూడిదరంగుకి తిరిగి, అంచుల్లో పొక్కులు లేచింది. మామూలుగా ఒక్కో బిళ్ళ నెలన్నర బతుకుతుంది. ఇది తొమ్మిదో రోజుకే పోయింది. ఆమె రిజిస్టరు తెరిచి తేదీ వేసి, 'మూడో బ్లాకు, కణాలు మృతి' అని తన గుండ్రటి రాతతో రాసి సంతకం చేసింది.

విశాఖకు దక్షిణాన, సముద్రపు గాలి తగిలే చోట ఉంది ఆ ఫ్యాక్టరీ. మందుల తయారీకి కావలసిన రసాయనాలు వండుతారక్కడ. బాయిలరు దగ్గర పనిచేసే బంగారయ్య అనే ముసలాయనకి ఎక్కడ లేని ముక్కు. యంత్రాలు కనిపెట్టని లీకుని రెండుసార్లు ముందే పసిగట్టి అందరినీ బయటికి తరిమాడు. ఆ ముక్కులోంచి ఆవగింజంత కండ తీసుకుని, అందులోని వాసన పట్టే కణాలను గాజుబిళ్ళల మీద పెంచి, వాటికి వెంట్రుకకన్నా సన్నటి తీగలు తొడిగింది డాక్టర్ హైమావతి. కణాలకి వాసన తగిలితే తీగల్లో చిన్న విద్యుత్తు పుడుతుంది. కంట్రోలు రూములో దీపం వెలుగుతుంది. అలాంటి పెట్టెలు ఎనభై, ఫ్యాక్టరీ నిండా గోడలకి తగిలించి ఉన్నాయి. కాగితాల మీద వాటి పేరేదైనా కార్మికులు మాత్రం ముక్కుపెట్టెలనే అంటారు. "బంగారయ్య ఒకడే, ముక్కులు ఎనభై ఒకటి" అని నవ్వుకుంటారు.

ఆ ముక్కులకి పంచదార నీళ్ళు పట్టడం, వెచ్చగా ఉంచడం, మురిగినవాటిని మార్చడం రత్నం పని. ఒకప్పుడు ఆమె ఆ లాబొరేటరీలో గాజుసామాను కడిగేది. ఆమె చేతి నేర్పు చూసి హైమావతి దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పింది, దూరవిద్యలో డిగ్రీ చదివించింది. రత్నానికి ఆమె మాట వేదం.

"ఈసారి కణాల బ్యాచ్ బాగోలేదేమో. కొత్తది పెట్టు" అంది హైమావతి, తలెత్తకుండానే.

ఆ సాయంత్రం రత్నం ఇంటికి వచ్చేసరికి వీధిలోకే మాడు వాసన కొడుతోంది. పొయ్యి మీద పాలు ఇగిరి గిన్నె నల్లబడుతోంది. పొయ్యికి మూరెడు దూరంలో పీట మీద కూర్చుని భర్త ఎల్లాజీ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు.

"మావా! గిన్నె మాడిపోతన్నాది, వాసన రాలేదేటి?"

ఎల్లాజీ ఉలిక్కిపడి లేచి పొయ్యి ఆర్పాడు. "జలుబు సేసిందే" అన్నాడు.

ముక్కు కారడం లేదు, గొంతు బొంగురుపోలేదు. రత్నం అతని కళ్ళకి తువ్వాలు కట్టింది. ఆటేమో అనుకుని అతను నవ్వాడు. ముందు వెల్లుల్లి నలిపి ముక్కు దగ్గర పెట్టింది. తర్వాత ఇంగువ డబ్బా. ఆ తర్వాత ఎండు నెత్తళ్ళు గుప్పెడు.

"నిమ్మకాయేనా?" అన్నాడు ఎల్లాజీ.

అతను తువ్వాలు విప్పుకుని తన ముక్కు కింద ఉన్న ఎండుచేపల్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నానొక్కణ్నే కాదు రత్నం. మా మూడో బ్లాకులో పదిమందికి పైనే ఉన్నారు. పోలయ్యకయితే వేసవికాలం నుంచీ ఇంతే. కూరలో ఉప్పు తప్ప ఇంకేటీ తెలీదంటాడు."

"మరెందుకు సెప్పలేదు?"

"సెప్తే అన్‌ఫిట్టని ఇంటికి పంపించీరా? ముక్కుతో ఏటి పని, సేతులు బాగున్నాయి కదా అనుకున్నాం."

మర్నాడు, జూన్ పద్దెనిమిదో తారీకున, రత్నం రెండు రబ్బరు సంచులు పట్టుకెళ్ళి ఒకదాన్లో ఒకటో బ్లాకు గాలి, ఇంకోదాన్లో మూడో బ్లాకు గాలి నింపుకొచ్చింది. రెండు తాజా బిళ్ళలు తీసి వేరువేరు గంట ఆకారపు గాజుమూతల కింద పెట్టి చెరొక గాలీ వదిలింది. మధ్యాహ్నం టీ వేళకి మొదటిది గులాబీ రంగులోనే ఉంది. రెండోది బూడిదయిపోయింది. అంతసేపట్లో దాని తీగలకి తగిలించిన దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. అంటే ఆ గాలిలో ఉన్నదానికి వాసనే లేదు. ముక్కు దాన్ని పసిగట్టడం లేదు, ఊరికే దాని చేతిలో చచ్చిపోతోంది.

రత్నం ఆ రెండు బిళ్ళలూ చూపిస్తే హైమావతి ఒకదాని తర్వాత ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

"ఇవి నరాల కణాలు రత్నం" అంది చివరికి. "గాజు మీద చచ్చాయంటే మనుషుల ముక్కుల్లోనూ చస్తున్నట్టే." గబగబా పైఅంతస్తుకి, ప్లాంటు మేనేజరు గదికి వెళ్ళింది. గంట తర్వాత దిగివచ్చేసరికి ఆమె ముఖంలో ఆ తొందర లేదు.

"మూడో బ్లాకుకి కొత్త పైపులు వేస్తారట. మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా అక్కడి పెట్టెలు తీసేయమన్నారు."

"మనుషుల్ని కూడా తీసేస్తారా మేడమ్?"

హైమావతి కుర్చీ లాక్కుని రత్నం ఎదుట కూర్చుంది. "విను. ఇది బయటికెళితే ముక్కుపెట్టె పనికిరాదంటారు. ఇంకో ఇరవై ఫ్యాక్టరీలు దీన్ని పెట్టుకోబోతున్నాయి. అక్కడ ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఆలోచించు. మూడు నెలలే. నా మాట మీద ఆగు. నీ భర్తని రేపే ప్యాకింగుకి మార్పిస్తాను."

రత్నం రిజిస్టరులో ఆ రోజు పరీక్ష ఫలితం రాసింది. తారీకు వేసింది. ఆగింది.

రెండు రోజులకి ఎల్లాజీ ప్యాకింగు సెక్షనుకి మారాడు. ఏదో అదృష్టమనుకున్నాడు. పొద్దున్నే మూడో బ్లాకు వైపు నడిచే మనుషుల్ని చూసినప్పుడల్లా రత్నం తల వంచుకునేది. వాళ్ళలో పోలయ్య ఒకడు. రెండిళ్ళ అవతలే కాపురం. అతని భార్య దాలమ్మ రత్నానికి వరసకి వదిన. పెరట్లో మునక్కాడలు కాస్తే ముందు రత్నానికే పంపేది. ఒకసారి అతన్ని దారిలో ఆపి చెప్పేద్దామనుకుంది రత్నం. "బాగున్నావేటి అన్నయ్యా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది.

జూలై ఇరవై అయిదున పొద్దున దాలమ్మ చేపలకి వెళ్ళింది. పోలయ్య డ్యూటీకి బయలుదేరుతూ టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళి అగ్గిపుల్ల గీశాడు. గ్యాసు సిలిండరు ట్యూబు ఎప్పుడు చిట్లిందో ఏమో, ఇల్లంతా గ్యాసు నిండి ఉంది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇరవై ఎనిమిదిన పోయాడు.

శవం ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లో ఎవరో ఆడమనిషి అంటోంది: "వీధి సివరిదాకా కొట్టింది గేసు వాసన. నానయితే అరిసీసాను కూడా. లోపలున్నోడికి ఎలాగ తెల్లేదో!"

రత్నం గోడ పట్టుకుని కూలబడింది. అందరూ దుఃఖమనుకున్నారు. దాలమ్మే వచ్చి ఆమె భుజం పట్టుకుని, "ఊరుకో రత్నం, ఊరుకో" అంది.

ఆ వారంలోనే రత్నం సెలవు పెట్టి విశాఖ బస్సెక్కింది. పనిచోట జరిగే తప్పుల్ని బయటపెట్టేవారిని కాపాడే చట్టం ఒకటి వచ్చి అప్పటికి నాలుగేళ్ళయింది. దాని ఆఫీసు కలెక్టరేటు వెనక, పాత భవనంలో రెండు గదుల్లో ఉంది. అక్కడి అధికారి జుట్టు నెరిసిన మనిషి. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"మీ పేరు ఈ గది దాటదమ్మా. దాటిస్తే నాకే శిక్ష" అన్నాడు. "కానీ మీ పేరు మేం చెప్పక్కర్లేకుండానే వాళ్ళకి తెలిసిపోవచ్చు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?"

"నాకూ, మేడమ్‌కీ, మేనేజరుగారికీ."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "అయితే ముందే చెప్పడం నా ధర్మం. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసినా, మార్చినా, వేధించినా, అది ఈ ఫిర్యాదు వల్ల కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. ఆ బరువు మీ మీద ఉండదు. అంతవరకూ చట్టం మీ వెనక ఉంటుంది. ఊళ్ళో మనుషులు మాట్లాడటం మానేస్తే దానికి మాత్రం నా దగ్గర సెక్షన్ లేదు. ఇప్పుడు చెప్పండి, రాసుకోమంటారా?"

"రాసుకోండి."

"ఈ విషయం మీకు ఎప్పుడు తెలిసింది?"

రత్నం తారీకు చెప్పింది. ఆయన ఒక్కసారి ఆమె ముఖం చూసి రాసుకున్నాడు.

తనిఖీవాళ్ళు పది రోజుల్లో వచ్చారు. మూడో బ్లాకు గాలి పట్టుకెళ్ళారు. కార్మికుల్ని వరసగా నిలబెట్టి ముక్కులు పరీక్షించారు. ముప్పై ఒక్కమందికి వాసన పూర్తిగా పోయింది. అది తిరిగొచ్చే రకం కాదని డాక్టర్లు తేల్చారు. బ్లాకుకి తాళం వేశారు. నూట నలభై మంది ఇంట్లో కూర్చున్నారు.

ఎవరు చెప్పారన్నది ఎవరూ పైకి అనలేదు. కానీ రత్నం వీధి కుళాయి దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. కిరాణా కొట్టువాడు మిగతావాళ్ళందరికీ ఇచ్చాక ఆమె వైపు తిరిగేవాడు.

ఎల్లాజీ ఒకరోజు కంచం ముందు కూర్చుని అన్నాడు: "నన్ను పేకింగుకి మార్చినప్పుడే నీకు తెలుసు కదే?"

"తెలుసు మావా."

"నాతో కూడా సెప్పలేదు. సెప్తే నాను పోలయ్యతో అననా? ఆడు బతికుండును కదా?" అన్నం ముట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ రత్నాన్ని సస్పెండ్ చేసింది. శుభ్రత పాటించకపోవడం వల్లే కణాలు చచ్చాయనీ, ఆ తప్పు కప్పుకోవడానికి మూడో బ్లాకు మీద అబద్ధం పుట్టించిందనీ అభియోగం. తనిఖీవాళ్ళు వచ్చేలోపు బ్లాకుని కడిగించేశారు కాబట్టి దొరికిన గాలి సాక్ష్యానికి చాలదని వాళ్ళ వకీలు ధీమా. కాగితం అడుగున సాక్షి సంతకం ఉంది. హైమావతిది. ఆ సంతకాన్ని రత్నం తన సర్టిఫికెట్ల మీద, సెలవు చీటీల మీద పదేళ్ళుగా చూస్తోంది. చదివిన కాగితాన్ని మడిచి చీర బొడ్డులో దోపుకుని, ఆ పూటంతా ఏ పనీ చేయలేక గడప మీద కూర్చుంది.

ఆమె సస్పెన్షను మీద విచారణ కలెక్టరేటు వెనక ఆఫీసులోనే, ఆ నెరిసిన జుట్టు అధికారి ముందే జరిగింది. ఆయన రిజిస్టరు చూపించమన్నాడు. అది కంపెనీ పరిశోధన రహస్యం, ఇవ్వడానికి కుదరదన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. అది లేకపోతే రత్నం మాటకి ఆధారం లేదు.

రెండో వాయిదాకి బంగారయ్య వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన కండువా, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి మడతలు చిరిగిపోతున్న ఒక కాగితం తీసి అధికారి బల్ల మీద పెట్టాడు. ఏడేళ్ళ కిందట ముక్కులోంచి కండ తీసుకునేముందు ఆయన వేలిముద్ర వేసిన ఒప్పుకోలు పత్రం. అందులో ఏడో పేరా: ఈ కణాలు దాత శరీరంలో భాగమే, వాటి స్థితిగతులు తెలుసుకునే హక్కు దాతకి ఎప్పటికీ ఉంటుంది.

"నాకు సదువు రాదు బాబూ. మా మనవరాలు సదివి సెప్పింది" అన్నాడు బంగారయ్య. "సచ్చిపోయినవి నా ముక్కులు. ఎప్పుడు సచ్చేయో, ఎలాగ సచ్చేయో నాకు సెప్పక్కర్లేదా?"

గదిలో ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. ఆ పేరా రెండుసార్లు చదివి, "ఈ షరతు రాసిందెవరు?" అని అడిగాడు.

"నేనే" అంది హైమావతి, సాక్షుల బెంచీ మీదనుంచి. "రిజిస్టరు మేనేజరు బీరువాలో ఉంది. రాత రత్నందే. ఆమె చేతి కింద ఏ బ్లాకులోనూ ఒక్క బిళ్ళ అనవసరంగా పోలేదు. నేను సంతకం చేసింది అబద్ధం."

ఫ్యాక్టరీ వకీలు లేచి ఏదో అనబోతే అధికారి చెయ్యెత్తి కూర్చోమన్నాడు. హైమావతి రత్నం వైపు చూసింది. రత్నం చూపు తిప్పుకుంది. అంతటితో అయిపోయిందనుకుంది.

అవలేదు. మూడో వాయిదాకి రిజిస్టరు వచ్చింది. గుమాస్తా దాన్ని అందరి ముందూ పైకి చదివాడు. మే నెలలో చచ్చిన బిళ్ళలు, తారీకులు. జూన్ పద్దెనిమిది: మూడో బ్లాకు గాలిలో నాలుగు గంటల్లో కణాలు మృతి, ఒకటో బ్లాకు గాలిలో సజీవం, సంతకం నూకరత్నం. పోలయ్య చావు గురించి సాక్ష్యం చెప్పడానికి పిలిపించిన దాలమ్మ వెనక బెంచీ మీద కూర్చుని వింటోంది.

తీర్పు రత్నానికి అనుకూలంగా వచ్చింది. సస్పెన్షను చెల్లదు, పాత ఉద్యోగం పాత హోదాలోనే ఇవ్వాలి, మేనేజరు మీద క్రిమినల్ కేసు, పనిలేని నూట నలభై మందికీ బ్లాకు బాగయ్యేదాకా జీతాలు. బంగారయ్య ఆమె తల మీద చెయ్యి వేసి, "నెగ్గీసేవమ్మా" అన్నాడు.

వరండాలో దాలమ్మ ఆమెకి ఎదురొచ్చింది.

"పద్దెనిమిదో తారీకని సదివేరు. అది జూనే కదా?"

"జూనే వదినా."

"మీ ఆయన్ని ఆ బ్లాకులోంచి మార్చింది ఎప్పుడు?"

"ఇరవయ్యో తారీకు."

దాలమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. మధ్యలో ఆపేసింది. "ఆ రోజు మా వాకిట్లో నువ్వు కూలిపోతే నీ భుజం పట్టుకుని నానే ఓదార్చేను రత్నం."

తను ఎవరి మాట మీద ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పడానికి రత్నం నోరు తెరిచింది. అవి ఏవీ ఈ మనిషికి పనికొచ్చే మాటలు కావు. "అవును వదినా. ముందే సెప్పాల్సింది. సెప్పలేదు" అంది.

దాలమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రత్నం మళ్ళీ పనిలో చేరింది. హైమావతి రాజీనామా చేసి ఏ ఊరు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. మూడో బ్లాకు కొత్త పైపులతో తెరుచుకుంది. వీధిలోవాళ్ళు నెమ్మదిగా ఒక్కొక్కరే పలకరించడం మొదలుపెట్టారు. ఎల్లాజీకి కోపం తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. తినేముందు "ఇదేటి కూర?" అని అడిగి, చెప్పాక, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని అప్పుడు తినేవాడు. బంగారయ్యకి చూపు మందగించింది. దాలమ్మ ఇంటి తలుపు మాత్రం రత్నాన్ని చూస్తే మూసుకునేది. రత్నానికి అది అన్యాయమనిపించలేదు.

ఏడాది దాటాక ఒక మంగళవారం, రత్నానికి వారపు సెలవు రోజు, మధ్యాహ్నం గేటు చప్పుడయింది. బయట దాలమ్మ నిలబడి ఉంది. పక్కన పాతికేళ్ళ అమ్మాయి, ముఖం సగం చున్నీతో కప్పుకుని ఉంది.

"మా సెల్లెలి కోడలు, రవణమ్మ" అంది దాలమ్మ, రత్నం వైపు కాకుండా గేటు వైపు చూస్తూ. "రొయ్యల ప్లాంటులో పనిసేస్తాది. అక్కడ అమ్మోనియా కారతంటే పుస్తకంలో కారలేదని రాయిస్తన్నారట. నీతో మాటాడతానంది, తీసుకొచ్చేను."

ఎల్లాజీ లోపలినుంచి రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. దాలమ్మ కూర్చోలేదు.

"అక్కా, పేరు బయటికి రాదంటారు. నిజమేనా?" అడిగింది రవణమ్మ.

"కాయితాల మీదయితే రాదు. కానీ తెలిసిపోద్ది."

"ఉద్యోగం?"

"తీసీడానికి సూస్తారు. తీస్తే మళ్ళీ ఇప్పిస్తారు, ఆలస్యమవుద్ది గానీ. వీధిలో నీతో మాటలు మానేస్తారు. మీ ఆయన కూడా మానీవచ్చు."

అమ్మాయి తల దించుకుని చున్నీ అంచు నలుపుకుంది. "ఈ నెల అయిపోనిచ్చి ఎల్దామనుకుంటన్నానక్కా. ఇంట్లో ఆడబడుచు పెళ్ళి ఉంది. ఇప్పుడు గొడవెందుకని..."

రత్నం దాలమ్మ వైపు చూసింది. దాలమ్మ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. ఆ చూపులో క్షమ లేదు. ఈసారి తను ఏమంటుందో చూడటానికే దాలమ్మ ఈ గేటుదాకా వచ్చిందని రత్నానికి అర్థమయింది.

"ఆ ప్లాంటులో ఇయ్యాల ఎంతమంది పనిలో ఉన్నారు?" అని రవణమ్మని అడిగింది రత్నం.

"రెండొందల మందుంటారక్కా."

రత్నం లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "మావా, అన్నం గిన్నెలో ఉంది. సాయంత్రానికి వచ్చీస్తాను" అంది. ఎల్లాజీ సరేనన్నట్టు తలూపి గేటు తీసి పట్టుకున్నాడు.

మూడు గంటల బస్సులో ముగ్గురూ ఒకే సీటులో కూర్చున్నారు, రవణమ్మ మధ్యలో. దారి పొడుగునా దాలమ్మ రత్నంతో ఒక్క మాటయినా మాట్లాడలేదు. కలెక్టరేటు స్టాపు రాగానే మాత్రం అందరికన్నా ముందు లేచి నిలబడి, దిగే తలుపు వైపు నడిచింది.